ముడి తివాచీయా, టఫ్టెడా? ఏది మేలు?

పోయిన నెల మా హాల్లోకి చేత్తో ముడులు వేసి నేసిన తివాచీ కొన్నాం. చూసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "ఈ డబ్బుకి గదంతా పరుచుకునే టఫ్టెడ్ వచ్చేది కదా, ఇంత చిన్నది ఎందుకు తీసుకున్నారు?" టఫ్టెడ్ అంటే ముడులు లేకుండా గుడ్డలోకి ఉన్ని గుచ్చి, జిగురుతో నిలిపినది. షాపులో రెండింటి మీదా 'హ్యాండ్‌మేడ్' అనే రాసి ఉంటుంది, రెండూ ఉన్నివే. తేడా తెలియాలంటే తిరగేసి చూడాలి.

ముడి తివాచీలో పడుగు (నిలువు) పోగుల జంటకు ఉన్ని పోగును ఒక్కొక్కటిగా ముడివేసి కోస్తారు. వరస పూర్తయ్యాక పేక (అడ్డపోగు) నడిపి, దువ్వెనతో కొట్టి బిగిస్తారు. టర్కీ ముడి రెండు పోగులనూ చుడుతుంది. ఇరానీ ముడి ఒకదాన్ని చుట్టి, రెండోదాని వెనకనుంచి వస్తుంది. ఏదైనా గట్టిదే. వెనకవైపు కూడా డిజైన్ స్పష్టంగా కనిపిస్తుంది. అంచున వేలాడే కుచ్చులు పడుగు పోగుల కొసలే.

టఫ్టెడ్‌లో ముడే ఉండదు. చట్రానికి బిగించిన గుడ్డలోకి గన్‌ లాంటి సూది యంత్రంతో ఉన్ని గుచ్చి, వెనక లేటెక్స్ (రబ్బరు) జిగురు పూసి, దాని మీద ఇంకో గుడ్డ అంటిస్తారు. కుచ్చులుంటే విడిగా కుట్టినవే. నా లెక్కలో తేల్చేది ఇదే: జిగురు ఎన్నాళ్లుంటే ఆ తివాచీ అన్నాళ్లు. మా పాత టఫ్టెడ్ ఏడేళ్లకు కింద పొడి రాల్చడం మొదలుపెట్టింది, రబ్బరు వాసన పోలేదు. ముడి తివాచీకి చిల్లు పడినా పనితెలిసినవాళ్లు పడుగు వేసి మళ్లీ ముడులు కట్టగలరు.

అమ్మేవాళ్లు చదరపు అంగుళానికి ఎన్ని ముడులో గొప్పగా చెబుతారు. దానికి మరీ పడిపోవద్దు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న, ఇరాన్‌లో నేసిన ప్రసిద్ధ అర్దబీల్ తివాచీ 1539-40 నాటిది. దానిలో చదరపు అంగుళానికి సుమారు 340 ముడులు. ఈనాటి మేలిరకం పట్టు తివాచీల్లో అంతకంటే ఎక్కువే ఉంటాయి, అంతమాత్రాన అవి దానికంటే గొప్పవైపోవు. సన్నటి లతలు తిప్పాలంటే ముడులు దగ్గరగా ఉండాలి, పెద్ద పెద్ద రేఖల డిజైన్‌కు అక్కర్లేదు. నేను ఉన్నినే చూస్తాను. మంచి ఉన్నిలో సహజమైన జిడ్డు ఉంటుంది, అరచేత్తో రుద్దితే మెత్తగా, జీవంగా తగులుతుంది. గరుగ్గా ఉండి పోగులు చేతికి ఊడి వస్తుంటే వదిలేయండి. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు అంటుతుందేమో కూడా చూడండి. ఒకే రంగులో అక్కడక్కడా చారలుగా తేడా కనిపిస్తే మాత్రం భయం లేదు. విడతలుగా రంగు అద్దిన ఉన్నికి అది మామూలే, నాకైతే అదే అందం.

కాశ్మీరీ పట్టు కళ్లు చెదిరేలా ఉంటుంది, కానీ పిల్లలు తిరిగే హాలుకి కాదు. పట్టు పేరుతో విస్కోస్ (చెక్కగుజ్జుతో చేసే కృత్రిమ దారం) కూడా అమ్ముతారు. ఒక పోగు కాల్చి చూడండి: జుట్టు కాలిన వాసన వస్తే పట్టు, కాగితం వాసన వస్తే విస్కోస్. మెషిన్‌వి అద్దె ఇంటికి చాలు. దుమ్ము పడనివాళ్లకు వరంగల్ జంపఖానా హాయి.

రెండు మూడేళ్లకోసారి హాలు రూపం మార్చేసేవాళ్లయితే టఫ్టెడ్ తీసుకోవడంలో తప్పులేదు. లేదంటే చిన్నదైనా ముడిదే కొనండి. ఇరాన్‌దే కానక్కర్లేదు, మన ఏలూరులోనూ ఉన్ని ముడి తివాచీలు తరాలుగా నేస్తున్నారు. షాపువాడు తిరగేసి చూపించనంటే అక్కడ బేరం ఆడొద్దు.