మోకాళ్ల నొప్పులున్న మా బాపు కోసం తీస్కున్న పెడల్ మిషన్

ఇంట్ల పెద్దోళ్ల కోసం కుర్సీల కూసోని తొక్కే పెడల్ మిషన్ కొనాల్నా వద్దా అని చూస్తున్నోళ్లకు పనికొస్తదని రాస్తున్న. దీనికి సీటు ఉండది, పెడల్స్ మాత్రమే ఉంటయి, కుర్సీ ముంగట పెట్టుకొని తొక్కుడే. మేం హన్మకొండల ఒక సర్జికల్ షాపుల తీస్కున్నం, రెండు వేల లోపే అయింది.

మా బాపుకు డెబ్బై దాటినయి. పరకాల దిక్కు ఊర్ల ఉన్నప్పుడు పొద్దుగాల లేస్తే బాయికాడికే, పత్తి ఏరే టైంల ఇంట్ల కూసున్నదే లేదు, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెస్తే రాత్రంత బండి కాడనే ఉండేది. ఇక్కడికి వచ్చినంక ఆ నడకంత ఒక్కసారే బందైంది. మోకాళ్లు నొస్తున్నయని కదలడు, కదలకపోయేసరికి తొడల కండ తగ్గింది, కండ తగ్గితే మోకాలికి ఆసరా పోయి మళ్ల నొప్పి ఎక్కువ. అరిగిన మోకాలుకైనా మెల్లగ కదిలిస్తనే మంచిదని డాక్టర్ గూడ చెప్పిండు. భద్రకాళి చెరువు కట్ట (బండ్) మీద నడిపియ్యాలని మాకూ ఉండె కానీ నొప్పి ఉన్న మనిషికి అక్కడిదాక పోవుడే పెద్ద పని, ఎండకాలమైతే అసలే కాదు.

మిషన్ల నాకు నచ్చింది ఏందంటే ఒంటి బరువు మోకాలి మీద పడది. నాబ్ తిప్పితే టైట్, లూజ్ అయితది, బాపుకు పూర్తి లూజ్‌ల పెట్టి పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలతోని మొదలువెట్టినం. తొక్కుకుంట మనతోని మాట్లాడగల్గాలె, ఆయాసంతోని మాట ఆగిందంటే జోరు ఎక్కువైనట్టే.

ఇబ్బందులు ఉన్నయి. టైల్స్ మీద ముంగటికి జారుతది, కింద రబ్బర్ మ్యాట్ ఏసి గోడకు ఆనిచ్చి పెట్టాలె. ప్లాస్టిక్ కుర్సీ అస్సలు వద్దు, అదీ ఎనుకకు జరుగుతది, బరువున్న కట్టె కుర్సీ అయితే మంచిగుంటది. కాలు పూర్తిగ చాపుకపోవద్దు, పెడల్ దూరం పోయినప్పుడు గూడ మోకాలు కొద్దిగ వంగే ఉండాలె. అన్నిటికంటే ముఖ్యం, పెడల్ స్ట్రాప్‌ల నుంచి కాళ్లు తీసినంకనే లేవాలె, మర్చిపోయి లేస్తే పడ్తరు, కొత్తల పక్కన ఒకరు ఉండుండ్రి. చాన సేపు తొక్కితే నాబ్ కాడ వేడెక్కుతది, చిన్నపిల్లలను ముట్టనియ్యొద్దు. డిస్‌ప్లేల టైం వరకు చూస్కోండ్రి, క్యాలరీల లెక్కను నమ్మకుండ్రి, తొక్కేటోళ్ల బరువెంతో దానికి తెల్వదు.

అయితే మిషన్ తెస్తనే పెద్దోళ్లు తొక్కరు. "ఎటూ పోనిదానికి ఊకె తొక్కుడేందిరా" అన్నడు బాపు. తొక్కకుంటే షుగర్ పెరుగుతది, కాళ్లు పడిపోతయి అని ఇంట్ల అందరు భయపెడితే ఇంక గట్టిగ కూసున్నడు. ఒకనాడు మా అమ్మనే నిమ్మళంగ అడిగింది, నీకు ఏం జేయాలని ఉన్నదయ్యా అని. సంక్రాంతికి ఐనవోలు జాతరకు పోయి ఎవల చెయ్యి పట్టకుండ మల్లన్న గుడి చుట్టు తిరగాలె అన్నడు. అప్పటిసంది తొక్కుమని చెప్పే పనే పడలే. మిషన్‌ను బెడ్‌రూంల నుంచి తీసి వాకిలి కాడ పెట్టినం, వచ్చేటోళ్లు పోయేటోళ్లు పలకరిస్తుంటే టైం తెల్వకుండ తొక్కుతడు. ఇప్పుడు పాలప్యాకెట్‌కు తనే పోతుండు, నాకు మస్తు సంతోషం.

దీనితోనే అంత అయిపోదు. 65 దాటినోళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలియ్యాలె, దానితోపాటు వారంల 3 రోజులన్న బలానికి, బ్యాలెన్స్‌కు ఎక్సర్‌సైజ్ చేయాలె అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తది. పెడల్‌తోని బ్యాలెన్స్ రాదు, అందుకే కుర్సీల నుంచి లేచి కూసునుడు, వంటింటి గట్టు పట్టుకొని మడిమలు లేపి నిలవడుడు గూడ చేపిస్తున్నం. గుండె జబ్బు ఉన్నోళ్లు, మోకాలు ఆపరేషన్ అయినోళ్లు డాక్టర్‌ను అడిగినంకనే మొదలువెట్టుండ్రి.

5కు 4 ఇస్తున్న, జారుడు ఒక్కటి లేకుంటే 5 ఇస్తుంటి. ఆన్‌లైన్ల కొనేకంటే పెద్దోళ్లను షాపుకు తోల్కపోయి, కూసోవెట్టి తొక్కిపిచ్చి, ఎత్తు కుదిరితేనే తీస్కోండ్రి.