పది వేల లోపు బైనాక్యులర్లు: ముందు చెడేది లెన్సు కాదు

హైదరాబాద్ కోఠిలో అడిగినా, ఎర్రగడ్డ ఆదివారం సంతలో అడిగినా, బైనాక్యులర్ అమ్మేవాడి నోట ముందు వచ్చేది ఎన్ని రెట్లన్న మాటే. డబ్బా మీద 60×60 అనో 100×180 అనో ఉంటుంది, పక్కన ‘మిలిటరీ’ అని ముద్ర. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఈ అంకెల్లో మొదటిది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు లెన్సు వ్యాసం, మిల్లీమీటర్లలో. 180 మి.మీ. అంటే టిఫిన్ ప్లేటంత లెన్సు! రెండు చేతుల్లో ఇమిడిపోయే వస్తువులో అది ఎక్కడ పడుతుంది? పైగా 60 రెట్లు నిజమే అయినా చేతి వణుకు కూడా 60 రెట్లవుతుంది, చెట్టు మీద పిట్ట ఒకచోట నిలవదు.

అసలు లెక్క షాపులోనే తేల్చుకోవచ్చు. స్కేలు, తెల్లకాగితం, ఫోన్ టార్చి చాలు. కన్ను పెట్టే లెన్సుకు ఒక అడుగు దూరంలో టార్చి వెలిగించి, అవతల ముందు లెన్సుకు దగ్గరగా కాగితం పట్టండి. దాని మీద పడే వెలుగు వృత్తాన్ని కొలవండి. 42 అని రాసి ఉంటే ఇంచుమించు అంతే రావాలి. 35 దగ్గర ఆగిపోయిందంటే లోపల ప్రిజం (వెలుగును మళ్లించే గాజు దిమ్మ) చిన్నది వేసో, రింగు బిగించో వెలుగును కోసేశారన్నమాట. తర్వాత బైనాక్యులర్‌ను ఆకాశం వైపు తిప్పి చేయి చాచి పట్టుకుంటే కన్ను పెట్టే లెన్సులో చిన్న తెల్లటి చుక్క కనిపిస్తుంది. మొదటి కొలతను ఈ చుక్క వ్యాసంతో భాగిస్తే అసలు రెట్లు వస్తాయి. వృత్తం 36, చుక్క 4.5 అయితే 8 రెట్లు. డబ్బా మీద ఏం రాసినా సరే.

ఎర్రగా తళతళలాడే లెన్సును ‘రాత్రి కూడా కనిపిస్తుంది సార్’ అని చూపిస్తారు. ఆ పూత ఎర్ర వెలుగును బయటికే కొట్టేస్తుంది. లోపలి దృశ్యం ఆకుపచ్చగా పాలిపోతుంది, పొద్దుగూకే వేళ మామూలు దానికంటే తక్కువే కనిపిస్తుంది.

ఇదంతా చూపు నాణ్యత సంగతి. మన్నిక సంగతి వేరు. చవక బైనాక్యులర్లలో ముందు దెబ్బతినేది రెండు గొట్టాల పొందిక. కుడి గొట్టం, ఎడమ గొట్టం ఒకే చోటును చూడాలి. లోపల ప్రిజం వెంట్రుకవాసి జరిగినా రెండు కళ్లకు రెండు దృశ్యాలు అందుతాయి. తంటా ఏమిటంటే, షాపులో రెండు నిమిషాలు చూస్తే ఇది తెలియదు. కంటి కండరాలు సర్దుకుని రెండింటినీ కలిపేస్తాయి. అమీన్‌పూర్ చెరువు గట్టు మీద అరగంట కూర్చుని బాతుల్ని చూశాక తల పగిలిపోతుంది, జనం ఎండ వల్లనో కళ్లజోడు వల్లనో అనుకుంటారు.

పరీక్ష ఇలా చేయాలి. షాపు గుమ్మంలో నిలబడి, వీలైనంత దూరంలో అడ్డంగా ఉన్న గీతను ఎంచుకోండి: కరెంటు తీగ, మేడ పిట్టగోడ, హోర్డింగు అంచు. ఫోకస్ చేశాక బైనాక్యులర్‌ను మెల్లగా కళ్లకు జానెడు దూరం జరపండి. రెండు వృత్తాల్లోనూ ఆ గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదానిలో పైకి, ఒకదానిలో కిందికి ఉంటే ఆ పీస్ పక్కన పెట్టేయండి. అడ్డంగా కొద్ది తేడాను కళ్లు లోపలికి తిరిగి భరించుకుంటాయి, ఒక కన్ను పైకి మరో కన్ను కిందికి తిరగడం మాత్రం వాటి వల్ల కాదు. ఇంకో చిట్కా: కళ్లకు ఆనించి పది సెకన్లు కళ్లు మూసి, ఒక్కసారిగా తెరవండి. తెరిచిన క్షణంలో రెండుగా కనిపించి తర్వాత కలిసిపోతే లోపం ఉన్నట్టే. నడుమ మడత కీలును మూసి, తెరిచి రెండుసార్లూ చూడాలి. కొన్ని ఒక వెడల్పులో బాగుండి ఇంకో వెడల్పులో తప్పుతాయి.

ఈ పొందిక చెడితే బాగుచేసుకోవచ్చా అన్నది బైనాక్యులర్ రకాన్ని బట్టి ఉంటుంది. భుజాలు వెడల్పుగా ఉండే పాతకాలపు ఆకారాన్ని పోరో అంటారు. వాటిలో చాలావాటికి పైతోలు కింద ప్రిజం దగ్గర చిన్న మరలుంటాయి. పనితెలిసిన మెకానిక్ పావు తిప్పు తిప్పి సరిచేయగలడు. నిటారు గొట్టాల రూఫ్ రకం చూడ్డానికి సొగసుగా ఉంటుంది, కానీ చవకవాటిలో ప్రిజాన్ని జిగురుతో అంటించి వదిలేస్తారు. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద ఒక మధ్యాహ్నం వదిలేస్తే ఆ జిగురు మెత్తబడుతుంది, ఆ తర్వాత గుంతల రోడ్డు మిగతా పని పూర్తిచేస్తుంది. రూఫ్ రకంలో ప్రిజం చాలా కచ్చితంగా ఉండాలి, అందుకు ఖర్చవుతుంది. అందుకే మూడు, నాలుగు వేలల్లో రూఫ్ కొనడం దండగ. అదే డబ్బుకు పోరో ఎప్పుడూ మెరుగు.

పది వేల అటూఇటూలో నికాన్ అక్యులాన్ ఏ211 8×42 మా మొదటి ఎంపిక. ముప్పావు కిలో బరువు, 8 డిగ్రీల వెడల్పాటి చూపు. లోపాలూ ఉన్నాయి. నీళ్లు తట్టుకోదు. లెన్సు నుంచి కన్ను పెట్టాల్సిన దూరం 12 మి.మీ. మాత్రమే, కళ్లజోడు ఉన్నవాళ్లకు అంచులు కనిపించవు. వాళ్లకు 15 మి.మీ. పైన ఉన్నది కావాలి. నికాన్‌దే ప్రోస్టాఫ్ పీ3 8×42లో అది 20 దాకా ఉంటుంది, లోపల నైట్రోజన్ నింపి సీలు వేసి ఉంటుంది, కానీ బడ్జెట్ దాటుతుంది. 10×50 జోలికి చేతులు గట్టిగా ఉన్నవాళ్లే పోవాలి. జూమ్ బైనాక్యులర్ అసలే వద్దు. రెండు వైపుల జూమ్‌ను కలిపేది ఒక పల్చటి పట్టీ, అది సడలితే ఒక కంటికి పెద్దగా, ఒక కంటికి చిన్నగా కనిపిస్తుంది.

ఫోకస్ చక్రాన్ని ఒకే బోర్డు మీద కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి తిప్పి చూడండి. రెండుసార్లూ చక్రం ఇంచుమించు ఒకే చోట ఆగాలి. చవక సరుకులో వదులు మరలను చిక్కటి గ్రీజుతో కప్పేస్తారు. ఎండాకాలం అది పల్చబడి కారుతుంది, అప్పుడు వదులు బయటపడుతుంది. కుడి కంటి దగ్గరి సర్దుబాటు రింగు దానంతటదే జరిగిపోతుంటే మీ కొలత దగ్గర నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకోండి.

ఇక వానాకాలం. సీలు లేని బైనాక్యులర్‌ను దానితో ఇచ్చిన రెక్సిన్ సంచిలో మూసి అల్మారాలో పెడితే లెన్సు లోపల సాలెగూడులా బూజు పడుతుంది. ముదిరితే పూతనే తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. గట్టి మూత డబ్బా, అందులో వంద గ్రాముల సిలికా జెల్ చాలు. నీలం గుళికలు గులాబీ రంగుకు, కాషాయానివి ఆకుపచ్చకు తిరిగాయంటే తడి పట్టిందని అర్థం. సన్నమంట మీద రంగు తిరిగేదాకా వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి దానికి వేరే మూకుడు, వంట మూకుడును ముట్టుకోవద్దు.

తుపాకీ మీద బిగించి గురి చూసే ‘హంటింగ్’ స్కోపుల గురించి కొంచెం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దగ్గర వేట నేరం. ఇక్కడ అవి కొనేవాళ్లు ఎయిర్ రైఫిల్‌తో గురి చూసుకునేవాళ్లే. స్ప్రింగు ఎయిర్ గన్ మామూలు తుపాకీలా ఒక్క వెనక్కి తన్ని ఊరుకోదు. పిస్టన్ ముందుకు దూకినప్పుడు వెనక్కి, అది చివర కొట్టుకున్నప్పుడు ముందుకు తంతుంది. వెనక్కి తన్నే దెబ్బకే తయారైన చవక స్కోపులో ఈ రెండో దెబ్బకు లెన్సు వదులవుతుంది, గురి గీత పక్కకు తిరుగుతుంది. డబ్బా మీద ఎయిర్ గన్ తట్టుకుంటుందని ఉండాలి, దగ్గరి దూరానికి సర్దుకునే రింగు ముందు లెన్సు దగ్గర ఉండాలి. లేకపోతే 100 గజాలకు సెట్ చేసిన స్కోపుతో 10 మీటర్లలో కన్ను కదిలితే గురి కదులుతుంది.

పరీక్షకు పావు ఎంఓఏ క్లిక్కుల స్కోపుతో (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, మీట ఒక్క క్లిక్కు తిప్పితే గురి అందులో పావు వంతు జరుగుతుంది) 10 మీటర్లలో కాగితం మీద కాల్చండి. 40 క్లిక్కులు కుడికి, 40 కిందికి, 40 ఎడమకు, 40 పైకి తిప్పుతూ ఒక్కో మూలకు మూడు గుళ్లు. ఒక్కో భుజం 29 మి.మీ. ఉన్న చతురస్రం రావాలి, చివరి గుళ్లు మొదటి చోటికే రావాలి. పక్కకు తేలితే ముందు స్కోపును తుపాకీకి పట్టి ఉంచే మౌంటు మరలు చూడండి. సగం ఫిర్యాదుల్లో స్కోపు బాగానే ఉంటుంది, 11 మి.మీ. గాడి మీద మౌంటే వెనక్కి జారుతుంటుంది. వెనక ఆపే పిన్ ఉన్న మౌంటు తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

బైనాక్యులరైనా స్కోపైనా డబ్బా మీద దిగుమతిదారు పేరు, ఎమ్మార్పీ స్టిక్కర్ లేకపోతే వారంటీ మాట నమ్మొద్దు. ఒకే మోడల్లో పీసుకూ పీసుకూ చాలా తేడా ఉంటుంది. కనీసం మూడు పీసులు తీయించి పిట్టగోడ పరీక్ష చేసి, నెగ్గిన దాని సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. డబ్బా సీలు విప్పనివ్వని షాపులో ఏదీ కొనొద్దు.