నాలుగేళ్లు వాడిన ఛార్జర్: కాలింది అది కాదు

ఈ 65 వాట్ల ఛార్జర్ కొని నాలుగేళ్లు దాటింది. గాలియం నైట్రైడ్ (లోపల సిలికాన్‌కు బదులు వాడే పదార్థం) రకం, రెండు టైప్-సి పోర్టులు, గుప్పిట్లో పట్టేస్తుంది. ఇంట్లో రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ రోజూ దీని మీదే. ఈమధ్య ఒక పోర్టు వదులవడం తప్ప, ఇన్నాళ్లలో ఇది ఒక్కసారి కూడా మొరాయించలేదు. భయపెట్టినవన్నీ దీని చుట్టూ ఉన్నవే. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

మొదట్లో నా టెన్షన్ అంతా వేడి గురించే. ల్యాప్‌టాప్ పెట్టి అరగంటయ్యాక ముట్టుకుంటే చెయ్యి వెంటనే తీసేయాలనిపించేది. గోడలోంచి వచ్చే కరెంటును తక్కువ వోల్టేజికి దించేటప్పుడు కొంత వేడిగా పోవడం మామూలే. డబ్బా చిన్నది కాబట్టి ఆ వేడి పైకి బాగా తెలుస్తుంది. ఫోన్ ఒక్కటే పెడితే గోరువెచ్చగా ఉంటుంది. నాలుగేళ్ల కిందట ఎంత వేడెక్కేదో ఇప్పుడూ అంతే. వేడి ఒక్కసారిగా పెరిగితేనో, లోపల బుసబుసమని చప్పుడు వస్తేనో తీసి పక్కన పడేద్దామనుకున్నాను. ఇంతవరకు ఆ అవసరం రాలేదు.

రెండో ఏడాదిలో ఒక రాత్రి ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. ఛార్జర్ పని అయిపోయిందనుకుని స్విచ్ కట్టేసి లాగాను. ఛార్జర్ ఒళ్లు చల్లగానే ఉంది, పిన్నులు మాత్రం చురుక్కుమన్నాయి. సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మరక. మర్నాడు ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి చూపించాడు. లోపలి ఇత్తడి రేకులు సాగిపోయి, పిన్నును అంచు మీదే తాకుతున్నాయి. అంత సన్నగా తాకే చోటు గుండా కరెంటు వెళ్తే అక్కడ వేడి పుడుతుంది, కదిలినప్పుడల్లా నిప్పురవ్వలు లేస్తాయి. ఆ సాయంత్రం అదే సాకెట్లో ఇస్త్రీపెట్టె పెట్టి గంటసేపు బట్టలు ఇస్త్రీ చేశాం. అది వెయ్యి వాట్లు లాగుతుంది. దాన్ని తీసేసి ఛార్జర్ పెట్టాం, నింద దీని మీద పడింది! సాకెట్ మార్పించాక మళ్లీ ఆ వాసన లేదు.

అయితే ఛార్జర్ తప్పు అసలు లేదనను. సైజుకు మించిన బరువు. గోడకి వేలాడుతూ పిన్నులను కిందికి గుంజుతుంది. కొంచెం వదులుగా ఉన్న సాకెట్‌ను మరింత వదులు చేసేది ఈ బరువే. ఇప్పుడు గట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సులో, నేలకు ఆనించి పెడుతున్నాను. ఆ బాక్సులో ఛార్జర్లు తప్ప ఇంకేమీ పెట్టనివ్వను.

ఇంత పెద్ద ఛార్జర్ పెడితే ఫోన్ కాలిపోదా అని మా ఆవిడ చాలా రోజులు దగ్గరికి రానివ్వలేదు. కాలదు. మొదట 5 వోల్ట్‌లే ఇస్తుంది, ఫోన్ అడిగాకే 9కి పెంచుతుంది, ల్యాప్‌టాప్ అడిగితే 20 దాకా వెళ్తుంది. కేబుల్‌నూ లెక్కలోకి తీసుకుంటుంది. మామూలు టైప్-సి కేబుల్ మోసేది 3 ఆంపియర్లే, అంతకు మించాలంటే లోపల చిన్న చిప్ ఉండాలి. నా దగ్గర ఆ చిప్ లేని కేబుల్‌తో ల్యాప్‌టాప్ 60 వాట్ల దగ్గరే ఆగిపోతుంది.

దీనితో వచ్చిన కేబుల్ మాత్రం ఏడాదిన్నరకే మెడ దగ్గర చిట్లింది. టేపు చుట్టి ఒక నెల నెట్టుకొచ్చాను. తెలివితక్కువ పని. ఒకరోజు ఆ టేపు కిందే వేడిగా తగిలింది, విరిచి చెత్తబుట్టలో వేశాను.

ఇంట్లో పాకే పిల్ల ఉన్నప్పుడు ఈ ఛార్జర్ విలువ తెలిసింది. పాత వెడల్పాటి పోర్టు (టైప్-ఎ) ఛార్జర్‌కి కేబుల్ తగిలించి వదిలేస్తే, రెండో కొసలో 5 వోల్ట్‌లు ఎప్పుడూ ఉంటాయి. తక్కువే కదా అనిపిస్తుంది గానీ, తడి నోట్లో పెట్టుకుంటే పెదవులు కాలే ప్రమాదం ఉంది. రెండు వైపులా టైప్-సి అయితే, ఆ కొసకి ఫోన్ తగిలేదాకా కరెంటు రాదు. అయినా మా పాప ఎటు పాకితే అటు కేబుళ్లు ఎత్తి పెట్టేవాళ్లం.

ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీద చెయ్యి వేస్తే, ముఖ్యంగా చెప్పుల్లేకుండా ఉంటే, సన్నగా జివ్వుమంటుంది. రెండు పిన్నుల ఛార్జర్లలో ఇది కొత్త కాదు. విద్యుత్ రొదను, అంటే కరెంటులోని అనవసరపు అలజడిని, అణచడానికి ఛార్జర్ లోపల పెట్టే కెపాసిటర్ అనే చిన్న భాగం గుండా అతి కొద్ది కరెంటు ల్యాప్‌టాప్ వైపు జారుతుంది. జివ్వుమనడం వేరు, చెయ్యి విదిల్చేలా షాక్ కొట్టడం వేరు. పాడైన ఒక పేరులేని ఛార్జర్‌ను విప్పి చూశాను. ఫ్యూజ్ లేదు, గోడ కరెంటు వైపు రాగి గీతలకీ ఫోన్ వైపు రాగి గీతలకీ మధ్య ఎడం గోరంత కూడా లేదు. అలాంటి దాన్ని ఎవరైనా అడిగినా ఇవ్వను.

దిండు కింద ఫోన్ పెట్టి ఛార్జ్ చేసే అలవాటు నాది. ఒక రాత్రి ఫోన్ వేడెక్కి తనంతట తనే ఛార్జింగ్ ఆపేసింది. లిథియం బ్యాటరీలను మామూలుగా 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు, దూది మధ్య ఆ వేడికి పోయే దారేది? ఇప్పుడు ఫోన్ గట్టి బల్ల మీద, మంచానికి దూరంగా. దానివల్ల అలారం ఆపడానికి లేవాల్సి వస్తోంది, అది వేరే బాధ.

ఖాళీగా ఉన్నప్పుడు ఛార్జర్ తినేది బహు స్వల్పం కాబట్టి బిల్లు కోసం తీయను, ఉరుములప్పుడు మాత్రం తీసేస్తాను. ఈమధ్య రెండో పోర్టు కాస్త వదులైంది, కేబుల్ కదిలిస్తే ఛార్జింగ్ ఆగి మళ్లీ మొదలవుతోంది. ఆ పోర్టు వాడటం మానేశాను. ఐదుకు నాలుగు ఇస్తాను, తగ్గించిన ఒకటి ఆ బరువుకే.