విజిటింగ్ కార్డులు దాచుకోవడానికి ఆల్బమ్, డబ్బా, ఫోన్: ఏది మేలు?

గుంటూరులో ఇంటి నుంచే వ్యాపారం నడిపేవాళ్ల టేబుల్ సొరుగు లాగితే రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట ఒకటి కచ్చితంగా ఉంటుంది. మిర్చి యార్డు కమీషన్ ఏజెంట్లవి, కోల్డ్ స్టోరేజీలవి, లారీ ఆఫీసులవి, ఆడిటర్‌ది, ఏసీ బాగుచేసే కుర్రాడిది, అన్నీ అందులోనే. ముందు ఆ రబ్బరు బ్యాండు తీసేయండి. మన ఎండలకు అది మెత్తబడి కార్డుకి బంకలా అంటుకుంటుంది. పీకితే దాని కింద ఉన్న నంబరు కూడా ఊడొస్తుంది.

ఇక వాటిని ఎక్కడ పెట్టాలి? మిర్చి ఎగుమతి కాగితాల పని ఇంట్లోనే చేస్తాను కాబట్టి కార్డులతో రోజూ అవసరం పడుతుంది. ఏది మేలో తేల్చేముందు, మనం కార్డుని ఎలా వెతుకుతామో చూడాలి. పేరు పెట్టి వెతికేది తక్కువ. "నరసరావుపేట కోల్డ్ స్టోరేజీ ఆయన", "చెన్నై పోర్టులో క్లియరెన్స్ చూసే అబ్బాయి", "గోతాలు సప్లై చేసే బాబాయి" అని పనితో, ఊరితోనే మనిషి గుర్తుంటాడు. అకారాది క్రమంలో పేరుద్దామంటే సగం కార్డులు 'శ్రీ' దగ్గరే పోగుపడతాయి. లక్ష్మి, వెంకటేశ్వర, సాయి లేని షాపు పేరు ఎక్కడుంది? అందుకే పనిని బట్టి విడదీయగలగాలి, కొత్త కార్డు మధ్యలో దూర్చగలగాలి, కార్డు వెనకవైపు చదవగలగాలి. నా లెక్కలో ఈ మూడే ముఖ్యం.

ఆల్బమ్ చూడ్డానికి బాగుంటుంది. ప్లాస్టిక్ జేబుల్లో 240 కార్డులు పట్టేవీ, 480 పట్టేవీ దొరుకుతాయి. ఎదురుగా కూర్చున్నవాళ్లకి పేజీలు తిప్పి చూపించొచ్చు. ఇంటీరియర్ పనులు చేయించేవాళ్లకీ, పెళ్లిళ్ల ఏర్పాట్లు చూసేవాళ్లకీ అది నిజంగా ఉపయోగం: "ఈ ముగ్గురు డెకరేషన్ వాళ్లలో ఎవర్ని పిలవమంటారండీ?" అని అడగొచ్చు. చిక్కల్లా కొత్త కార్డు వచ్చినప్పుడే. ట్రాన్స్‌పోర్టు పేజీ నిండిపోయిందంటే తర్వాతి కార్డులన్నీ ఒక్కో జేబు జరపాలి. ఆ ఓపిక లేక చివరి పేజీలో పడేస్తాం. కొన్నాళ్లకు చివరి పేజీలే అసలు ఆల్బమ్ అయి కూర్చుంటాయి. ఒక్కో జేబులో రెండేసి కార్డులు వీపు వీపు ఆనించి పెడితే వెనక రాసుకున్నది కనిపించదు. పైగా చవక రకం పీవీసీ జేబులు మే నెల ఎండలో కార్డు మీది ఇంకుని పట్టేసుకుంటాయి. ఆల్బమ్మే కొనాలనుకుంటే పాలీప్రొపిలీన్ జేబులున్నది అడిగి తీసుకోండి.

గుండ్రంగా తిప్పుకునే స్టాండు సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. దానికి కార్డు అడుగున గాట్లు పెట్టాలి, లేదా ఒక్కోదానికీ తొడుగు కొనాలి. ఇంటి టేబుల్ మీద అంత చోటు దానికివ్వడం దండగ.

డబ్బా దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు కొత్త కార్డులు పెట్టిచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో వంద పడతాయి. మీ దగ్గరున్నవి వందలోపే అయితే వేరే ఏమీ కొనక్కర్లేదు. అంతకు మించితే వడ్రంగి చేత ఒక చిన్న చెక్కపెట్టె చేయించుకోండి: లోపలి వెడల్పు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, పొడవు ఒక అడుగు, పైన మూత. కార్డులు అడ్డంగా నిలబెడితే ఐదారు వందలు సులువుగా పడతాయి. మధ్యలో అడ్డుకి ఇంట్లో పడున్న శుభలేఖల మందపాటి అట్ట చక్కగా పనికొస్తుంది. కార్డుకన్నా రెండు సెంటీమీటర్లు ఎత్తుగా కత్తిరించి పైన మార్కర్‌తో రాసేయడమే: యార్డు, కోల్డ్ స్టోరేజీ, లారీలు, ల్యాబ్, పోర్టు, ఆడిటర్–బ్యాంకు, ఇంటి పనులు.

డబ్బాలో నాకు బాగా నచ్చింది, కార్డులు వాటంతటవే సర్దుకోవడం. ఒక కార్డు తీసి ఫోన్ చేశాక దాన్ని పాత చోట కాకుండా, దాని విభాగంలో అన్నిటికన్నా ముందు పెట్టాలి. ఇదొక్కటే నియమం. సీజన్ గడిచేసరికి రోజూ వాడేవన్నీ ముందుకొస్తాయి, ఎవరూ ముట్టనివి ఆ విభాగం చివరికి చేరతాయి. ఏవి తీసేయాలో మనం కూర్చుని ఆలోచించక్కర్లేదు.

రెండో సుఖం కార్డు వెనకవైపు. ఎక్కడ కలిశారు, ఎవరు చెప్పి పంపారు, దేనికి పనికొస్తారు అన్నది ఇచ్చిన రోజే రాసేయాలి. "తేజ రకం మిర్చి, ఫిబ్రవరి, మామయ్య చెప్పారు" అన్న నాలుగు మాటలు చాలు. లామినేషన్ మీద బాల్‌పెన్ జారిపోతుంది, జెల్ పెన్ అలుక్కుపోతుంది. సీడీ మార్కర్ వాడండి.

డబ్బాకి శత్రువు చెమ్మ. వానాకాలం బయటిగోడకి ఆనించి పెట్టొద్దు, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పడేయండి. వరద వస్తే మాత్రం దానికి రక్ష లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటప్పుడు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న కాగితం మీద ఆశ వదులుకోవాల్సిందే. ఫోన్ అవసరం అక్కడ తెలుస్తుంది.

ఫోన్‌లో వెతకడం క్షణం పని, లారీ ఎక్కించే చోట నిలబడి కూడా నంబరు తీయొచ్చు. గూగుల్ లెన్స్ ఇంగ్లీషు అక్షరాల్నే కాదు, తెలుగు అచ్చునీ చదువుతుంది. కానీ పైన దేవుడి బొమ్మ, పక్కన మిరపకాయల ఫొటో, రెండు భాషలు కలిసిన కార్డు మీద తడబడుతుంది, మూడుని ఎనిమిది అనుకుంటుంది. సేవ్ చేశాక ఒక రింగ్ ఇచ్చి చూసుకోవాలి. పేరు పెట్టడంలో జాగ్రత్త పడకపోతే ఫోన్ కూడా ఆ సొరుగులాగే తయారవుతుంది. ముందు పని, తర్వాత ఊరు, చివర మనిషి పేరు: "లారీ చిలకలూరిపేట" అని మొదలైతే "లారీ" అని కొట్టగానే అందరూ వరసగా వస్తారు. తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒకే లిపికి కట్టుబడండి. చాలా ఫోన్లలో ఒక లిపిలో దాచింది రెండో లిపిలో వెతికితే రాదు. ఉచితంగా దొరికే కార్డు స్కానర్ యాప్‌లు కాంటాక్ట్స్ మొత్తానికీ అనుమతి అడిగితే ఇవ్వొద్దు. మనల్ని నమ్మి నంబరిచ్చినవాళ్ల సంగతి మన చేతిలో ఉంది. గూగుల్ కాంటాక్ట్స్‌లో పొరపాటున ఏదైనా చెరిపినా 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు, మొత్తాన్ని ఒకే ఫైలుగా దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు.

అయినా ఫోన్ ఒక్కదానికే ఓటు వేయలేను. పేరూ ఊరూ మరచిపోయిన మనిషి ఫోన్‌లో దొరకడు. ఆకుపచ్చ కార్డనో, మూలన వినాయకుడున్నదనో గుర్తుంటుంది, డబ్బాలో వేళ్లతో తిప్పుతుంటే అది కంటపడుతుంది. అందుకని కార్డులన్నీ డబ్బాలో, ఈ సీజన్‌లో మాట్లాడేవాళ్ల నంబర్లు మాత్రం ఫోన్‌లో, ఇదే నా తీర్పు. డబ్బాలో ఒక్కో విభాగాన్నీ నేల మీద పరిచి ఫొటో తీసుకుంటే వరద భయమూ తగ్గుతుంది. వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరిగేవాళ్లకి ఫోన్ ముందు, డబ్బా తర్వాత. క్లయింట్లు ఇంటికొచ్చి కూర్చునే పనైతే ఒక చిన్న ఆల్బమ్ కూడా ఉండాలి.

ఏరివేతకి మంచి సమయం యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు. జీఎస్టీ నంబరు బదులు వ్యాట్ పన్ను రోజుల పాత టిన్ నంబరున్న కార్డు 2017 జూలైకి ముందు అచ్చేసింది. నరసరావుపేట అడ్రసులో ఇంకా గుంటూరు జిల్లా అనే ఉంటే అది 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడకముందుది కావచ్చు. పాతదైనంత మాత్రాన పారేయక్కర్లేదు, నంబరు పనిచేస్తుందో లేదో చూస్తే చాలు. జీఎస్టీ నంబరుంటే ఇంకా సులువు: జీఎస్టీ పోర్టల్‌లో ఆ 15 అంకెలు, అక్షరాలు కొడితే రిజిస్ట్రేషన్ నడుస్తోందో రద్దయిందో చూపిస్తుంది. మొదటి రెండంకెలు 37 అయితే ఆంధ్రప్రదేశ్, 36 అయితే తెలంగాణ. రద్దయినవాళ్ల కార్డులు చింపి పారేయండి. నంబర్లున్న కార్డుని అలాగే చెత్తబుట్టలో వేయొద్దు.