ఎంఆర్ఐ చిల్లర్ మార్పు, కోల్డ్ హెడ్ సర్వీసు: కర్నూలులో జరిగిన పని మీద రివ్యూ

మెషీన్: 1.5 టెస్లా ఎంఆర్ఐ. చోటు: కర్నూలులో ఒక స్కానింగ్ సెంటర్, నీళ్లను చల్లబరిచే చిల్లర్ మేడ మీద. పని చేసింది హైదరాబాద్ నుంచి వచ్చే థర్డ్ పార్టీ సర్వీసు సంస్థ. మార్కులు ముందే: నీళ్ల వైపు పనికి ఐదుకు నాలుగున్నర, హీలియం వైపు పనికి మూడు, స్పేర్లకు రెండు.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో హీలియం కంప్రెసర్ (కోల్డ్ హెడ్‌కు నొక్కిన హీలియం గ్యాస్ పంపేది) ట్రిప్ అవుతోందంటే చాలామంది నేరుగా కోల్డ్ హెడ్‌కు (మాగ్నెట్‌ను చల్లగా ఉంచే భాగానికి) కొటేషన్ ఇచ్చేస్తారు. వీళ్లు ముందు నీళ్లు చూశారు. నాలుగున్నర మార్కుల్లో సగం దీనికే.

మాగ్నెట్ కాయిల్ నియోబియం-టైటానియం తీగ. సుమారు 9 కెల్విన్ దాటితే దానికి సూపర్‌కండక్టివిటీ ఉండదు, అందుకే 4.2 కెల్విన్ ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. ఆవిరైన హీలియాన్ని మళ్లీ ద్రవంగా మార్చేది కోల్డ్ హెడ్. సుమిటోమో ఆర్‌డీకే-408డీ2 రకమైతే 4.2 కెల్విన్ దగ్గర దాని సత్తా ఒక్క వాట్. ఆ ఒక్క వాట్ కోసం కంప్రెసర్ సుమారు 7 కిలోవాట్ల కరెంటు తింటుంది, అదంతా వేడిగా మారి చిల్లర్ నీళ్లలోకి పోతుంది. నీళ్లు వేడెక్కితే కంప్రెసర్ ఆగుతుంది, దాంతో కోల్డ్ హెడ్ ఆగుతుంది. లోపలికి చొరబడే ప్రతి వాట్‌కు గంటకు సుమారు 1.4 లీటర్ల ద్రవ హీలియం ఆవిరవుతుంది. బయటి వేడిని అడ్డుకునే లోపలి షీల్డు కూడా వేడెక్కుతూ పోతుంది కాబట్టి ఆపి ఉంచిన కొద్దీ ఈ లెక్క పెరుగుతుందే కానీ తగ్గదు.

పాత చిల్లర్‌లో తప్పు మెషీన్‌ది కాదు, ఎంపికది. క్యాటలాగ్‌లో రాసే టన్నేజీ (చల్లబరిచే సత్తా) సాధారణంగా 35 డిగ్రీల గాలికి. కర్నూలు మే నెలలో నీడలోనే 42, 43 డిగ్రీలు. మూడు వైపులా పిట్టగోడ ఉన్న మేడ మీద, ఫ్యాన్ వదిలిన గాలే మళ్లీ చిల్లర్ కాయిల్‌లోకి పోతుంటే ఇంకా ఎక్కువ. పైగా ఎండ తగలకూడదని ఫ్యాన్ల నెత్తిన రేకుల షెడ్డు వేశారు. వేడిగాలి పైకి పోయే దారి అదే కదా! వీళ్లు మొదటి రోజే ఆ రేకులు తీయించి, గోడ నుంచి మీటరున్నర జరిపి కొత్త చిల్లర్ పెట్టారు. టన్నేజీ 48 డిగ్రీల గాలికి లెక్కకట్టింది. నీళ్ల సెట్టింగ్ 16 డిగ్రీలు.

చెప్పుకోదగ్గ ఇంకో పని చల్లటి నీళ్లు నిల్వ ఉంచే 300 లీటర్ల బఫర్ ట్యాంకు. పగలు స్కాన్లు నడిచేటప్పుడు గ్రేడియంట్ల (బొమ్మ తీయడానికి అయస్కాంత క్షేత్రాన్ని మార్చే కాయిళ్ల) వేడి కూడా చిల్లర్ మీదే పడుతుంది. రాత్రి మిగిలేది కంప్రెసర్ వదిలే 7 కిలోవాట్లే. పెద్ద చిల్లర్‌కు అంత చిన్న లోడు ఇస్తే నిమిషాల్లో కట్ అవుతుంది, మళ్లీ ఆన్ అవుతుంది. కాంటాక్టర్లు (మోటార్ల కరెంటు స్విచ్‌లు) కాలిపోయేదీ, చిల్లర్ కంప్రెసర్ చచ్చేదీ అక్కడే. ట్యాంకు పెట్టాక ఆ చావు తప్పింది. కొటేషన్లు పిలిచేవాళ్లు అందులో ఈ ట్యాంకు ఉందో లేదో చూసుకోండి, ధర తగ్గించడానికి ముందు ఎగిరిపోయేది ఇదే.

నీళ్ల ప్రవాహానికి సులభమైన పరీక్ష ఉంది. నిమిషానికి 8 లీటర్లు పోతుంటే, 7 కిలోవాట్ల వేడికి లోపలికి వెళ్లే నీళ్లకూ బయటికొచ్చే నీళ్లకూ తేడా 12, 13 డిగ్రీలు ఉంటుంది. అదే తేడా 20కి చేరిందంటే ప్రవాహం 5 లీటర్లకు పడిపోయినట్టు. అప్పుడు చిల్లర్‌ను తిట్టకుండా వై-స్ట్రెయినర్ (పైపులోని చెత్త పట్టే జల్లెడ) విప్పండి. రెండు చివరలా థర్మామీటర్లు, మధ్యలో ఫ్లో మీటర్ బిగించి, రోజువారీ రిజిస్టర్‌లో రాయమని టెక్నీషియన్లకు నేర్పించి వెళ్లారు. లూపులో డిస్టిల్డ్ వాటర్, 30 శాతం గ్లైకాల్ (గడ్డకట్టకుండా కలిపే ద్రవం). ఇక్కడ నీళ్లు గడ్డకట్టవు కదా అని గ్లైకాల్ మానేస్తే చిల్లర్ లోపలి ఎవాపరేటర్‌లో గడ్డకట్టొచ్చు, దాంతో పాటు వచ్చే తుప్పు పట్టనివ్వని మందూ పోతుంది.

అర మార్కు తగ్గించింది బైపాస్ లైనుకు. చిల్లర్ ఆగితే బయటి నీళ్లు కంప్రెసర్‌లోకి పంపే ఏర్పాటు అది. దాన్ని బోరు లైనుకు కలిపారు. మన బోరు నీళ్లు హీట్ ఎక్స్చేంజర్‌లో తెల్లపొర కట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. అడిగితే సాఫ్ట్‌నర్ పెట్టి, మేడ మీది ట్యాంకు నుంచి కాకుండా కింది సంపు నుంచి మార్చారు. అయినా మే నెలలో సంపు నీళ్లే 30 డిగ్రీలు దాటుతాయి, కంప్రెసర్ తట్టుకునే గరిష్ఠం పాతికకు అటూ ఇటూ. కాబట్టి బైపాస్ చలికాలపు బీమా మాత్రమే. ఎండాకాలానికి రెండో పంపు, చిల్లర్‌లో రెండో సర్క్యూట్ ఉండాల్సిందే. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ మిల్లుల దుమ్ము దగ్గర చిల్లర్ పెట్టేవాళ్లు దాని కాయిల్ కడగడం ఇంకా తరచుగా పెట్టుకోవాలి.

కరెంటు వైపు: సరఫరా డీజీకి (డీజిల్ జనరేటర్‌కు) మారినప్పుడు ఫేజ్ వరస తారుమారైతే స్క్రోల్ కంప్రెసర్ ఉల్టా తిరిగి గ్యాస్ నొక్కదు. ఫేజ్ సీక్వెన్స్ రిలే బిగించి, మెయిన్స్‌కూ డీజీకీ వరస ఒకటేనని చూపించారు. బాగుంది.

ఇక హీలియం వైపు. కోల్డ్ హెడ్ మార్చిన తీరులో చేయి తిరిగినతనం ఉంది: పాత హెడ్‌ను తగినంత వేడెక్కనిచ్చారు, లోపలి నుంచి స్వల్పంగా హీలియం వస్తుండగానే పైకి లాగారు. గాలి లోపలికి పోతే అక్కడే గడ్డకట్టి మాగ్నెట్ మెడ దారి మూసేస్తుంది, ప్రమాదం అందులోనే. అతుకు దగ్గర వేడి బాగా పారడానికి కొత్త ఇండియం (మెత్తటి లోహం) వేశారు, బోల్టులు టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా బిగించారు, ఆక్సిజన్ అలారం గదిలో ఆన్‌లోనే ఉంది.

మార్కులు పోయినవి వేరేచోట. అసలు మార్చాలా అన్నది గంటల మీటరు చూసి తేల్చారు. చూడాల్సింది హీటర్ పవర్. కోల్డ్ హెడ్ బాగుంటే అది అవసరానికి మించి చల్లబరుస్తుంది, ప్రెషర్ పడిపోకుండా లోపలి హీటర్ ఆ మిగులును తింటుంది. నెలనెలా హీటర్ వాడకం తగ్గుతూ సున్నాకు దగ్గరైతే హెడ్ అలిసిపోయినట్టు. పాత రికార్డులు తీసి గ్రాఫు గీయడానికి గంట చాలు, గీయలేదు. ఇచ్చింది రిపేరు చేసిన ఎక్స్చేంజ్ హెడ్, 4.2 కెల్విన్ దగ్గర ఎన్ని వాట్లు ఇచ్చిందో టెస్టు కాగితం లేదు. కంప్రెసర్‌లో ఆడ్సార్బర్ మార్పును వచ్చే విజిట్‌కు వాయిదా వేశారు. మోడల్‌ను బట్టి 20 వేల నుంచి 30 వేల గంటలకు మార్చాల్సిన భాగం అది. హీలియంతో కలిసి వచ్చే కంప్రెసర్ నూనె ఆవిరిని ఆపేది అదే. అది నిండిపోతే నూనె కొత్త హెడ్‌లోకే పోతుంది. సెకనుకు ఒకటి చొప్పున వినిపించే కోల్డ్ హెడ్ చిక్ చిక్ శబ్దం గరగరగా మారితే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోండి.

స్పేర్ల సంగతి: పంపు, కాంటాక్టర్, ఫ్యాన్ మోటారు అన్నీ హైదరాబాద్‌లోనే. దూరం 210 కిలోమీటర్ల పైచిలుకే, కానీ ఏఎంసీలో (వార్షిక మెయింటెనెన్స్ ఒప్పందంలో) స్పందన గడువును పని గంటల్లో రాశారు. శనివారం రాత్రి పంపు సీలు పోతే లెక్క సోమవారం పొద్దున మొదలవుతుంది. సంతకానికి ముందు ఆ ముక్క కొట్టించి గడియారం గంటలుగా మార్పించండి. సీల్ కిట్టు, ఒక పంపు, రెండు కాంటాక్టర్లు సెంటర్‌లోనే ఉంచాలని రాయించండి.