జాగ్రత్త: "6,999కే ప్రైవేట్ లిమిటెడ్" అన్నవాళ్ళ చేతిలో మీ డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) పెట్టకండి

ముందే చెప్తున్నా, ఇది కోపంలో రాస్తున్న పోస్టు. సోమవారం బ్యాంకుకెళ్ళి వచ్చినప్పటి నుంచి తిండీ నిద్రా సరిగ్గా లేవు, మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు (ఎందుకో కింద చెప్తా, తప్పు ఆవిడది కాదు), బుర్రలో రోజుకి 200 రూపాయల ఆలస్య రుసుము మీటరు ఒకటి తిరుగుతూనే ఉంది.

ఎవరి గురించో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఫోన్ తెరిస్తే చాలు, టై కట్టుకున్న కుర్రాడొచ్చి "ఏడు రోజుల్లో మీ సొంత కంపెనీ" అంటాడు చూడండి, ఆ కంపెనీ రిజిస్ట్రేషన్ చేసిపెట్టేవాళ్ళే. పేరు రాయను, అడక్కండి. ఇప్పటికే నాకున్న కాగితాల గొడవ చాలు, పైన లీగల్ నోటీసు కూడా ఎందుకు.

మాది చెక్క గానుగ. హయత్‌నగర్ దాటాక చిన్న షెడ్డు, పల్లీ నూనె, నువ్వుల నూనె, అడిగితే కుసుమ నూనె. బాగానే నడుస్తోంది. 2023లో వీళ్ళ వలలో పడ్డా. ఫోన్ చేసిన అబ్బాయి రోజుకి రెండుసార్లు "అన్నా, తిన్నారా" అని పలకరించి, ప్రొప్రైటర్‌షిప్ (ఒక్కడి పేరు మీద నడిచే వ్యాపారం) అంటే కిరాణా కొట్టువాళ్ళకి అన్నా, మీరు బ్రాండ్ కట్టాలి, బాటిల్ మీద ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంటే ఆ లెక్కే వేరు అన్నాడు. నేను కూడా తక్కువవాణ్ణి కాదు, విజిటింగ్ కార్డు మీద "డైరెక్టర్" అని ఎలా ఉంటుందో ఆ రాత్రే ఊహించుకున్నా. ప్రైవేట్ లిమిటెడ్‌కి కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి కాబట్టి రెండో డైరెక్టర్ మా ఆవిడ. జూన్ 12న సర్టిఫికెట్ వచ్చింది, లామినేషన్ చేయించి షెడ్డులో గోడకి తగిలించాం. 6,999 అన్నది అన్నీ కలిపి 18 వేలు దాటింది. అందులో చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి 2,000. ఉద్యమ్ ఉచితం అండీ. ఆధార్ నంబర్ కొట్టి మనమే చేసుకోవచ్చు, గవర్నమెంటు ఒక్క రూపాయి తీసుకోదు. ఫుడ్ లైసెన్సు బేసిక్ రిజిస్ట్రేషన్‌కి 3,500 లాగారు, దాని అసలు రుసుము అప్పట్లో ఏడాదికి 100. సరే, సర్వీస్ చార్జి అనుకుందాం, అది కాదు నా ఏడుపు.

రెండో గానుగకి ముద్ర లోన్ అడుగుదామని సోమవారం బ్యాంకుకెళ్ళా. మేనేజర్ గారు మంచాయన, మన దగ్గర నూనె కూడా కొంటారు. జీఎస్టీ రిటర్నులు చూశారు, బాగున్నాయన్నారు. తర్వాత కంపెనీ నంబర్ కొట్టి ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైటు తెరిచి, కాసేపు చూసి, ఏం మాట్లాడకుండా మానిటర్ నా వైపు తిప్పారు. మాస్టర్ డేటా అంటారట దాన్ని. మా కంపెనీ పేరు, పుట్టిన తేదీ, షెడ్డు అడ్రసు. చివరి ఏజీఎం (వాటాదారుల వార్షిక సభ) తేదీ ఎదురుగా ఒక గీత. చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ ఎదురుగా ఇంకో గీత. "పుట్టినరోజు తప్ప ఇందులో ఇంకేం లేదు సార్" అన్నారాయన. తర్వాత మా ఇద్దరి డిన్‌లు (డైరెక్టర్ గుర్తింపు నంబర్లు) కొట్టి చూస్తే రెండూ డీయాక్టివేట్ అయి ఉన్నాయి. డైరెక్టర్ గారంట డైరెక్టర్. కుర్చీలోంచి లేస్తుంటే మోకాళ్ళు వణికాయి, అబద్ధం కాదు.

బయటికొచ్చి బండి మీద కూర్చునే ఫోన్ చేశా. "అన్నా" కుర్రాడి నంబరు ఇప్పుడు వేరే ఎవరిదో. కస్టమర్ కేర్‌కి చేస్తే పాట. మూడు రోజుల్లో పదకొండుసార్లు చేశా, ఆ పాట నాకిప్పుడు నోటికొచ్చు. చివరికి ఈ రోజు మధ్యాహ్నం ఒకమ్మాయి దొరికింది.

"సార్, మీ ప్యాకేజీ ఇన్‌కార్పొరేషన్ వరకేనండి. యాన్యువల్ కంప్లయన్స్ వేరే ప్లాన్." అంటే కంపెనీ పుట్టించడం వరకే, ఏటేటా వేయాల్సిన ఫారాలు వేరేనట.

"మరి ఆ మాట ఎవరైనా చెప్పాలి కదమ్మా?"

"రిమైండర్లు పంపాం సార్. తొమ్మిది పంపాం. సిస్టంలో కనబడుతోంది."

తొమ్మిదా! నా మెయిల్లో ఒక్కటి కూడా లేదు, స్పామ్ కూడా వెతికా. ఏ మెయిల్‌కి పంపారమ్మా అని అడిగితే ఒక్కో అక్షరం చదివి చెప్పింది. మా కంపెనీ పేరు, పక్కన ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) అని, పక్కన 2023. ఆ ఐడీ నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఎవరు పెట్టారమ్మా ఇది అంటే, "రిజిస్ట్రేషన్ టైంలో మా టీమే క్రియేట్ చేస్తుంది సార్, ప్రాసెస్ అది." పాస్‌వర్డ్ నాకిచ్చారా? "వెల్‌కం మెయిల్లో ఉంటుంది సార్." వెల్‌కం మెయిల్ ఎక్కడికి పంపారు? కాసేపు నిశ్శబ్దం. అదే ఐడీకి.

అర్థమైందా? ఉత్తరం వాళ్ళే రాసి, వాళ్ళ జేబులోనే పెట్టుకుని, నాకు అందినట్టు సంతకం కూడా వాళ్ళే పెట్టుకున్నారు. తాళం చెవి పెట్టెలో వేసి పెట్టెకి తాళం వేసిన బాపతు.

నేను గొంతు పెంచాను, ఒప్పుకుంటా. అప్పుడు ఎవడో సీనియర్ లైన్లోకొచ్చాడు. వాడన్న మాట మక్కీకి మక్కీ రాస్తున్నా. "సార్, కంపెనీ డైరెక్టర్ అయ్యుండి కంపెనీ మెయిల్ ఐడీ ఏంటో కూడా తెలీకపోతే అది మీ ప్రాబ్లం. చదువుకున్నవాళ్ళే కదా మీరు?" వెనకాల ఇంకెవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోను. డబ్బు పోతే సంపాదించుకుంటాం, కానీ రెండేళ్ళ కింద "అన్నా తిన్నారా" అని అడిగిన ఆఫీసులోంచే ఆ నవ్వు రావడం ఉంది చూడండి. నోట మాట రాలేదు నాకు. ఇప్పుడు, రాత్రి పదకొండింటికి, చెప్పాల్సిన జవాబులు పది గుర్తొస్తున్నాయి.

ఆ నవ్వయ్యాక గొంతు మార్చి, 85 వేలకి "రివైవల్ ప్యాకేజీ" ఉంది సార్, ఈ రోజు కడితే పది శాతం తగ్గిస్తాం అన్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు.

డీఎస్‌సీల సంగతి అడిగా. అంటే డిజిటల్ సంతకం, పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది, నాదొకటి మా ఆవిడదొకటి. "మా దగ్గర సేఫ్‌గా ఉన్నాయి సార్." ఎంత సేఫ్ అంటే రెండేళ్ళ గడువు మే నెలలోనే అయిపోయిందట, లోపల సంతకం చచ్చిపోయింది. మళ్ళీ తీసుకోవాలి. మరి ఆ రెండేళ్ళూ నా సంతకం, మా ఆవిడ సంతకం ఎవడి డెస్కు సొరుగులో ఉన్నాయో, దేనిమీదైనా పెట్టారో లేదో, ఆ ఆలోచనొస్తేనే ఒళ్ళు జలదరిస్తోంది. మా ఆవిడ అడిగిందీ అదే. "నా సంతకం ఎవరికిచ్చావు?" అని. నా దగ్గర జవాబు లేదు, అందుకే మాటల్లేవు.

కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లయింట్ ఇస్తున్నా అని వాట్సాప్‌లో పెట్టాక సాయంత్రం ఆ మెయిల్ పాస్‌వర్డ్ పంపారు. తెరిస్తే 61 మెయిళ్ళు, ఒక్కటీ చదివింది లేదు. వరసగా కిందికి జరుపుతుంటే వాళ్ళ తొమ్మిది రిమైండర్లు, మధ్యలో డిన్ కేవైసీ సెప్టెంబరు 30 లోపు చేసుకోమని వచ్చినవి, ఇంకా 2024 జూన్ 12న కేకు బొమ్మతో ఒకటి: "మీ కంపెనీకి మొదటి పుట్టినరోజు శుభాకాంక్షలు!" అప్పటికే అసలైన ఫారం ఒకటి గడువు దాటి ఆర్నెల్లు. కేకు పంపే తీరిక ఉంది, ఫోన్ చేసే తీరిక లేదు.

ఆ ఫారం పేరు ఐఎన్‌సీ-20ఏ. 2018 నవంబరు 2 తర్వాత పుట్టిన, షేర్ క్యాపిటల్ ఉన్న కంపెనీలన్నీ ఇవ్వాలి. వాటాల డబ్బు బ్యాంకులో పడింది, వ్యాపారం మొదలుపెడుతున్నాం అని 180 రోజుల్లోపు చెప్పడం, అంతే. మేం లక్ష రూపాయలు ఆగస్టులోనే వేశాం, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది, మా లెక్కన ఫారం రుసుము 300. చేయాల్సిందల్లా అప్‌లోడ్ కొట్టడం. డిసెంబరు 9తో గడువు పోయింది. ఇప్పుడు దానిమీద ఆలస్య రుసుమే పన్నెండు రెట్లు, 3,600. అదీ తేలిక. అసలు పెనాల్టీ చట్టంలో కంపెనీకి 50 వేలు, డైరెక్టర్లకి రోజుకి వెయ్యి చొప్పున ఒక్కొక్కరికీ లక్ష దాకా రాసి ఉంది. చిన్న కంపెనీ కాబట్టి సగానికి తగ్గుతుందని సీఏ గారు ధైర్యం చెప్పారు. సగమైనా అది ఎవరి సగం అండీ, నాదే కదా.

సీఏ గారు అంటే మా కాలనీలోనే ఉంటారు, రెండు వీధుల అవతల. నా జీఎస్టీ నెలనెలా వేసే అకౌంటెంట్ తీసుకెళ్ళాడు. ఆయన పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి లెక్క రాశారు. మొదటి ఏజీఎం 2024 డిసెంబరు 31 లోపు జరగాలి, ఆ లెక్కన ఏఓసీ-4 (కంపెనీ లెక్కల ఫారం) 2025 జనవరి 30కి, ఎంజీటీ-7ఏ (వార్షిక రిటర్ను) మార్చి 1కి పడాలి. రెండిటికీ రోజుకి 100 చొప్పున, పైన హద్దు లేదు. ఈ రోజుకి, అంటే జులై 10కి, 161 రోజులు, 131 రోజులు. 16,100, 13,100. డిన్ కేవైసీ ఒక్కొక్కరికి 5,000, ఇద్దరికి 10,000. ఇవన్నీ కలిపి, ఐఎన్‌సీ-20ఏ ఆలస్యంతో 42,800. ఆడిటర్‌ని పెట్టినట్టు ఇవ్వాల్సిన ఏడీటీ-1 కూడా లేదు, అసలు ఆడిటరే లేడు, అది పక్కన. ఆదాయప్పన్ను రిటర్ను గొడవ ఇంకా తెరవలేదు, అది తెరిస్తే ఇంకో పోస్టు. పోనీ ఇదంతా ఎందుకు, కంపెనీ మూసేద్దామా అంటే దానికీ ఫారం ఉంది, 10,000 రుసుము, అదీ పాత బాకీలన్నీ తీరాకే అట. చావడానికి కూడా నో డ్యూస్ కావాలి.

ఇక నన్ను నేను తిట్టుకునే భాగం. మా అకౌంటెంట్ పోయినేడు దసరాకి ముందు అడిగాడు, "సార్, ఆర్‌ఓసీ ఫైలింగ్స్ ఎవరు చూస్తున్నారు?" అని. నేను ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా "వాళ్ళు చూసుకుంటున్నారులే" అన్నా. వాళ్ళు! వాళ్ళకి నేనెవరో గుర్తుందా అప్పటికి? జీఎస్టీ సరిగ్గా పడుతోంది కాబట్టి అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనుకున్నా. పల్లీలు కొనేటప్పుడు సంచి అడుగు దాకా చెయ్యి పెట్టి చూస్తా, కేజీకి రూపాయి దగ్గర గంట బేరమాడతా. ఇక్కడ మాత్రం 27 పేజీల అగ్రిమెంటుకి ఓటీపీ చదివి చెప్పేశా. అందులో ఏడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, ఇన్‌కార్పొరేషన్ తర్వాతి ఫైలింగులు మా బాధ్యత కావు అని. అంటే వాళ్ళు మోసం చేశారని కోర్టులో నిరూపించడం కూడా కష్టమే. అదే ఎక్కువ మండుతోంది.

ఇంకోటి కూడా తెలిసింది, ఆలస్యంగా. 15 లక్షల అధీకృత మూలధనం (కంపెనీ వాటాలకి రాసుకున్న గరిష్ఠ హద్దు) దాకా కంపెనీ రిజిస్ట్రేషన్ రుసుము సున్నా, స్టాంపు డ్యూటీ లాంటివే ఉంటాయి. ఆ యాడ్‌లో "గవర్నమెంట్ ఫీజు మేమే కడతాం, ఆఫర్" అని గొప్పగా వేశారు గుర్తుందా? సున్నాని డిస్కౌంట్‌గా అమ్మారు.

కొత్తగా పెట్టేవాళ్ళకి చెప్పేది ఇంతే. ఫారంలో మెయిల్, మొబైల్ మీవే ఉండాలి, వాళ్ళు పెడతామంటే ఊరుకోవద్దు, జీఎస్టీలో కూడా. డీఎస్‌సీ మీ బీరువాలో ఉండాలి. సర్టిఫికెట్ వచ్చిన రోజే "తర్వాత 180 రోజుల్లో ఏం చేయాలి, ఎవరు చేస్తారు" అని రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే పెట్టినవాళ్ళు ఈ రాత్రే ఎంసీఏ సైటులో మీ కంపెనీ మాస్టర్ డేటా చూసుకోండి, తేదీల దగ్గర గీతలుంటే పొద్దున్నే సీఏ దగ్గరికి పరిగెత్తండి. జీఎస్టీ నంబరైతే పోర్టల్లో సెర్చ్ టాక్స్‌పేయర్‌లో కొడితే లాగిన్ లేకుండానే రిటర్నులు పడ్డాయో లేదో కనబడతాయి. ఇంకా, నూనె అమ్ముకోవడానికి ప్రైవేట్ లిమిటెడ్ నిజంగా అవసరమా అని మీ ఊళ్ళో ఉన్న సీఏని ఒక్కసారి అడగండి. నేను అడగలేదు.

రేపు పదింటికి ఆయన దగ్గరికి వెళ్ళాలి. 2023 ఆగస్టు నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ ప్రింట్ తీసుకురమ్మన్నారు, ఇంట్లో ప్రింటర్‌లో ఇంకు లేదు, కొత్త డీఎస్‌సీకి వీడియో వెరిఫికేషన్ ఉంటుందట, దానికి మా ఆవిడ కూర్చోవాలి. ముందు ఆవిడ చేత మాట్లాడించుకోవాలి.