ఎన్‌స్క్రిప్టా, పాప్సా: టెక్స్ట్ ఫైల్ ప్రింటుకు ఏది?

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా వీధి పిల్లలకు తెలుగు పాఠాలు మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే రాసి పెడతాను. లినక్స్ టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) నుంచి వాటిని ఏ4 పేజీలుగా మార్చడానికి నేను వాడి చూసిన ప్రోగ్రాంలు రెండు: ఎన్‌స్క్రిప్ట్, పాప్స్.

ఖర్చు: రెండూ ఉచితమే.

శ్రమ: రెండింటికీ ఒక్క లైను కమాండ్ చాలు. ఎన్‌స్క్రిప్ట్ ఇచ్చే పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలును (ప్రింటర్ల కోసం వాడే ఫైల్ రూపం) ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే మరో ప్రోగ్రాంతో పీడీఎఫ్ చేసుకోవాలి. పాప్స్ కొత్త వెర్షన్లు నేరుగా పీడీఎఫ్ ఇస్తాయి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ఎన్‌స్క్రిప్ట్‌కు యూటీఎఫ్-8 (తెలుగు లాంటి లిపులను ఫైల్లో దాచే పద్ధతి) తెలియదు. తెలుగు ఫైలు ఇస్తే పేజీ నిండా పిచ్చి గుర్తులే. మొదటిసారి 20 కాగితాలు అలాగే పోయాయి, చాలా బాధేసింది. పాప్స్ పాంగో లైబ్రరీతో అక్షరాలు పేరుస్తుంది కాబట్టి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కుదురుతాయి. తెలుగు పక్కనే ఒడియా ఉన్నా ఇబ్బంది లేదు, రెండు ఫాంట్లూ సిస్టంలో ఉంటే చాలు. రెండు లిపుల మధ్య బతికే మాలాంటి ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇంగ్లీష్ ప్రోగ్రాం కోడ్‌కైతే ఎన్‌స్క్రిప్ట్ మేలు: లైను నంబర్లు వేస్తుంది, కీవర్డులను వేరుగా చూపిస్తుంది. ఫైల్లో తెలుగు అక్షరం ఒక్కటి ఉన్నా పాప్స్‌కే వెళ్లండి. ముందు ఒక్క పేజీ తీసి చూశాకే మిగతావి ప్రింటుకివ్వండి.